పిడి అడుగున ఒక నంబరు, లోపల మరొకటి: పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్‌కు అసలు సీరియల్ ఏది?

డాలస్_రాఘవ

సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సస్‌లో ఒక పెద్దాయన పోయాక ఆయన ఇంటి సామాను వేలం వేసినప్పుడు, లైసెన్సు ఉన్న స్థానిక డీలర్ ద్వారా నేనొక పాత స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ తీసుకున్నాను. అయిదంగుళాల బారెల్, మెరుపు లేని నలుపు రంగు, చెక్కుళ్ళేవీ లేని నున్నటి చెక్క పిడి, పిడి అడుగున తాడు కట్టుకునే రింగు ఉన్నాయి. ఆ రింగు పక్కన ‘వి’ అనే ఆంగ్ల అక్షరమూ, మూడు లక్షల పైచిలుకు ఆరంకెల సంఖ్యా ఉన్నాయి. సిలిండర్ పక్కకు తెరిస్తే ఫ్రేమ్ లోపల అయిదంకెల సంఖ్య మరొకటి కనిపిస్తోంది, దానికి ఎదురుగా సిలిండర్‌ను మోసే భాగం మీద కూడా అదే సంఖ్య ఉంది.

డీలర్ తన రిజిస్టరులో ఈ అయిదంకెల సంఖ్యనే సీరియల్‌గా రాసుకున్నాడు. ఇవి చాలవన్నట్టు బారెల్ మీద ‘.38’, ‘.767’, ‘3½ టన్నులు’ అనీ, మరొక చోట ‘ఇంగ్లీషు తయారీ కాదు’ అనే అర్థం వచ్చే ఆంగ్ల మాటలూ చిన్న అక్షరాలతో కొట్టి ఉన్నాయి. అమెరికాలో తయారైన వస్తువు మీద ఆ మాట ఎందుకుంది? ఇన్ని అంకెల్లో దేన్ని నమ్మాలి?

పాతఇనుము

రాఘవ గారూ, మీ చేతిలో ఉన్నది ‘విక్టరీ మోడల్’ అని పిలిచే యుద్ధకాలపు రివాల్వర్. దాని సీరియల్ నంబరు పిడి అడుగున ఉన్నదే, అందులో ‘వి’ అక్షరం కూడా భాగమే. రింగు పిడి అడుగు మధ్యలో చోటు ఆక్రమించడం వల్ల అక్షరం ఒక్కోసారి అంకెలకు కాస్త ఎడంగా పడుతుంది. దాన్ని వదిలేసి ఉత్త అంకెలు రాసుకునేవారు చాలామంది ఉన్నారు గానీ, అలా రాస్తే అది అంతకు ముందెప్పుడో తయారైన మరొక రివాల్వర్ నంబరు అవుతుంది.

ఎందుకంటే .38 మిలిటరీ అండ్ పోలీస్ అనే ఈ మోడల్ 1899లో మొదలై, ఒకటి నుంచి వరుసగా నంబర్లు వేసుకుంటూ వచ్చి, 1942లో పది లక్షలకు చేరింది. అక్కడితో ఆ వరుసను ఆపి, ‘వి’ అక్షరం ముందు పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు. విక్టరీ అన్న పేరు ఆ అక్షరం నుంచే వచ్చింది.

ఇక లోపలి అయిదంకెల సంఖ్య సంగతి. ఆ కాలంలో ఫ్రేమ్, యోక్ (సిలిండర్‌ను మోసే భాగం), పక్క పలక అనే మూడు భాగాలను కార్మికుడు చేత్తో రాపాడించి ఒకదానికొకటి అతికేలా సరిచేసేవాడు. ఆ తర్వాత అవి విడివిడిగా మెరుగుకూ రంగుకూ వెళ్ళేవి. వందల కొద్దీ ఒకేలా ఉండే ముక్కల్లో ఏది దేని జతో తిరిగి పోల్చుకోవడానికి ఆ మూడింటి మీదా ఒకే సంఖ్య కొట్టేవారు. చాకలి బట్టల మీద పెట్టే గుర్తు ఎలాంటిదో ఇదీ అలాంటిదే: బట్ట ఏ ఇంటిదో చాకలికి తెలిస్తే చాలు. బిగింపు పూర్తయ్యాక కంపెనీ పుస్తకాల్లో ఆ సంఖ్యకు చోటు లేదు. దాన్ని పట్టుకుని తయారీ సంవత్సరం వెతికితే ఏదో ఒక సంవత్సరం దొరకకపోదు, కానీ అది తప్పుడు సంవత్సరం అవుతుంది.

మీ డీలర్‌ను మరీ తప్పుపట్టలేం. 1957లో ఈ కంపెనీ తన రివాల్వర్లకు మోడల్ నంబర్లు ఇచ్చి వాటిని యోక్ వెనుక ఫ్రేమ్ మీద కొట్టడం మొదలుపెట్టింది, తర్వాతి కాలంలో సీరియల్ కూడా అక్కడికి చేరింది. కొత్త తుపాకులు చూసి అలవాటైన కళ్ళు మొదట అక్కడికే పోతాయి.

మీరు చేయవలసిన పని ఒకటుంది. రివాల్వర్‌లో తూటాలు లేవని రెండుసార్లు చూసుకున్నాక సిలిండర్ తెరిచి దాని వెనుక ముఖం మీద, బారెల్ అడుగున ఎజెక్టర్ కడ్డీ దాగే చదునైన చోట, ఖాళీ తూటాలను నెట్టే నక్షత్రాకారపు బిళ్ళ అడుగున, కుడి వైపు చెక్క పిడి లోపలి పక్కన చూడండి. ఈ నాలుగు చోట్లా పిడి అడుగున ఉన్న సంఖ్యే ఉండాలి. పక్క పలకను మాత్రం విప్పబోకండి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తబోయి అంచు వంచిన రివాల్వర్లు నా దగ్గరికి చాలా వచ్చాయి.

గోదావరి_గట్టు

పాతఇనుము గారి మాటకు చిన్న చేర్పు. అదే కంపెనీ ఒక్కొక్క మోడల్‌కు విడివిడిగా వరుస నడిపేది కాబట్టి, ఒకే సంఖ్య .32 రివాల్వర్ మీదా, .38 మీదా, .44 మీదా ఉండవచ్చు. మోడల్ పేరు చెప్పకుండా ‘ఈ నంబరు ఏ సంవత్సరానిది’ అని వేదికలో అడిగేవారికి నేను సమాధానం ఇవ్వకపోవడానికి కారణం అదే, పొగరు కాదు.

‘ఇంగ్లీషు తయారీ కాదు’ అన్న ముద్ర బ్రిటన్‌లో తుపాకులను పరీక్షించే సంస్థ అయిన ప్రూఫ్ హౌస్‌ది. బ్రిటన్‌లో తుపాకీని ప్రైవేటుగా అమ్మాలంటే దాన్ని ముందుగా ఎక్కువ పీడనం ఇచ్చే తూటాతో పరీక్షించి ముద్ర వేయించాలన్నది అక్కడి చట్టం. యుద్ధకాలంలో మిత్రదేశాలకు ఆయుధాలు సమకూర్చే లెండ్-లీజ్ పథకం కింద అమెరికా నుంచి లక్షల సంఖ్యలో వెళ్ళిన ఈ రివాల్వర్లు యుద్ధం ముగిశాక మిగులు సరుకై, ప్రూఫ్ ముద్రలు వేయించుకుని, మళ్ళీ అమెరికా బజారుకే వచ్చాయి. విదేశీ సరుకు అని తెలియడానికి ఆ రోజుల్లో ఆ మాటలు కొట్టేవారు. ‘.767’ అన్నది ఆ తూటా గొట్టం పొడవు, అంగుళాల్లో. ‘3½ టన్నులు’ అన్నది చదరపు అంగుళానికి పీడనం. రెండూ నంబర్లే గానీ సీరియల్‌తో వాటికి సంబంధం లేదు.

అయితే వాటిలో మీ ప్రాణానికి పనికొచ్చే సమాచారం ఉంది. మీ రివాల్వర్ పుట్టింది .38 స్మిత్ అండ్ వెసన్ అనే పొట్టి తూటాకు, దాన్నే బ్రిటిష్ వాళ్ళు .38/200 అనేవారు. అమెరికాలో ఎక్కువగా దొరికే .38 స్పెషల్ దానికంటే సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మిగులు సరుకు అమ్మినవారిలో కొందరు సిలిండర్ గదులను లోతుగా తొలిచి .38 స్పెషల్ పట్టేలా చేశారు. గది వెనుక భాగం ఆ తూటాకు వదులుగా ఉండిపోవడం వల్ల పేల్చినప్పుడు గొట్టం ఉబ్బుతుంది, చీలుతుంది. నంబర్లన్నీ జత కుదిరినా సరే, గదులను తెలిసిన మెకానిక్ కొలిచి చూసేదాకా దాన్ని పేల్చకండి.

డాలస్_రాఘవ

ఇద్దరికీ ధన్యవాదాలు. పేల్చే ఉద్దేశం నాకు లేదు, అద్దాల పెట్టెలో పెట్టుకుందామనే తెచ్చుకున్నాను. ‘వి’ వరుసలో మూడు లక్షలు అంటే ఏ సంవత్సరం అనుకోవాలి? ఫ్రేమ్ పైభాగాన ‘యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ’ అన్న మాటలూ, వాటి పక్కన ‘జి.హెచ్.డి.’ అనే మూడక్షరాలూ కూడా ఉన్నాయి.

పాతఇనుము

1943 ప్రాంతం అనుకోండి, అంతకంటే కచ్చితంగా అనుకోకండి. సీరియల్ నంబరు ఫ్రేమ్‌కు పడిన రోజు వేరు, రివాల్వర్ పూర్తయి గోదాములోకి వెళ్ళిన రోజు వేరు, అది ఎవరికో రవాణా అయిన రోజు వేరు. స్మిత్ అండ్ వెసన్ ఏ కాలంలోనూ నంబర్ల వరుస ప్రకారం సరుకు పంపలేదు. ముందు నంబరు ఉన్నది ఆరు నెలలు ఆలస్యంగా బయటికి పోవడం మామూలే. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఏ సంవత్సరం అని ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికలు ఉజ్జాయింపుకు పనికొస్తాయి, వాటిని జన్మపత్రికలుగా తీసుకోకూడదు. రవాణా అయిన తేదీ, అందుకున్నవారి పేరు కావాలంటే స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌కు రుసుము కట్టి ఉత్తరం తెప్పించుకోవాలి. వారు కంపెనీ పాత రికార్డులు చూసి రాస్తారు.

జి.హెచ్.డి. అంటే గై హెచ్. డ్రూరీ, స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ విభాగం తరఫున సరుకును అంగీకరించిన సైనిక అధికారి. ఆయన పేరు ముద్ర ఉండడం ఈ 1943 లెక్కకు బలం. యుద్ధం తొలి రోజుల సరుకు మీద డబ్ల్యు.బి. అనే మరొక అధికారి అక్షరాలు కనిపిస్తాయి. నంబరు ఒక్కటే చెప్పలేనిది ఇలా పక్కనున్న ముద్రలతో కలిపి చదివితే తెలుస్తుంది. బారెల్ పొడవు, రంగు, పిడి, అధికారి ముద్ర ఈ నాలుగూ ఒకే కాలాన్ని చూపిస్తుంటే నంబరును నమ్మవచ్చు, వాటిలో ఒకటి ఎదురు తిరిగితే ఆగి ఆలోచించాలి.

‘వి’ పక్కన ‘ఎస్’ ఉన్నవి కూడా మీకు తారసపడతాయి. 1944 చివరలో నౌకాదళంలో ఒక రివాల్వర్ చేయి జారి ఓడ డెక్కు మీద పడి, హ్యామర్‌కు (తూటాను పేల్చే సుత్తి లాంటి భాగానికి) తగిలిన దెబ్బకు పేలి, ఒక నావికుడు చనిపోయాడు. కంపెనీ హడావుడిగా హ్యామర్‌ను అడ్డుకునే కొత్త పలకను రూపొందించి, అది అమర్చిన రివాల్వర్లకు ఆ అక్షరం చేర్చింది. 1945లో యుద్ధం ముగిసేసరికి ఈ వరుస ఎనిమిది లక్షలు దాటింది.

జాబితాకర్త

నేను హైదరాబాదులో ఒక ప్రైవేటు సేకరణకు జాబితా తయారు చేస్తున్నాను. అందులో వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ ఒకటి ఉంది, దాన్ని పనిచేయకుండా చేసినట్టు ధ్రువపత్రం కూడా ఉంది. నాకు ఎదురైన చిక్కు ఏమిటంటే, ఫ్రేమ్ కుడి పక్కన ఉన్న సంఖ్య, బారెల్ మీది సంఖ్య ఒకటే, సిలిండర్ మీది సంఖ్య మాత్రం వేరు. పిడి వెనుక పట్టీ మీద కొన్ని అక్షరాలు, చుక్కలు, రెండంకెల సంఖ్య చెక్కి ఉన్నాయి. జాబితాలో సీరియల్ అన్న గడి ఒక్కటే ఉంది, అందులో ఏం రాయాలి?

గోదావరి_గట్టు

ఫ్రేమ్ మీదిదే రాయండి. గడి ఒక్కటే ఉంటే మరో రెండు గడులు చేర్చమని యజమానిని అడగండి: సిలిండర్ సంఖ్యకు ఒకటి, సైనిక దళం గుర్తుకు ఒకటి. పిడి వెనుక పట్టీ మీద ఉన్నవి సాధారణంగా ఏ దళానిదో తెలిపే పొట్టి అక్షరాలు, ఆ దళం ఆయుధాగారంలో దాని వరుస. రెండంకెలే ఉండడానికి కారణం అదే. చరిత్ర రాసేవారికి కంపెనీ సీరియల్ కంటే ఆ గుర్తు విలువైనది, అందుకని చుక్కలతో సహా ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, మీ ఊహతో విడదీసి పూర్తి పేరు రాయకండి.

వెబ్లీలో సంవత్సరం కోసం సీరియల్‌ను పీడించనక్కర లేదు. మార్క్ 6ను బ్రిటిష్ సైన్యం 1915 మేలో ఆమోదించింది. యుద్ధకాలపు వాటి ఫ్రేమ్ ఎడమ పక్కన కంపెనీ పేరు, మార్క్, పేటెంట్లు అన్న మాటల కింద సంవత్సరాన్నే కొట్టేవారు. ఎన్‌ఫీల్డ్ ప్రభుత్వ కర్మాగారం 1921 నుంచి సొంతంగా చేసినవాటి మీద కిరీటమూ, ఎన్‌ఫీల్డ్ పేరూ ఉంటాయి, వాటి నంబర్ల వరుస వెబ్లీ వరుసతో కలవదు. బాణం మొనను పోలిన గుర్తు ప్రభుత్వ ఆస్తి అని చెబుతుంది. అలాంటి రెండు బాణాలు మొనకు మొన తాకుతూ ఉంటే సైన్యం దాన్ని అమ్మివేసిందని అర్థం. ఆ గుర్తు ఉందో లేదో తప్పకుండా నమోదు చేయండి.

సిల్వర్_స్ప్రింగ్_సుబ్బారావు

ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. సిలిండర్ నంబరు కలవకపోతే అది ముక్కలు అతికించిన తుపాకీ, దాని విలువ సగం అని జాబితాలో స్పష్టంగా రాయాలి. కొనేవారు అడిగే మొదటి ప్రశ్న నంబర్లు కలిశాయా అన్నదే.

పాతఇనుము

సుబ్బారావు గారూ, దుకాణంలో అమ్మిన రివాల్వర్ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. సైన్యంలో తిరిగిన వాటికి ఆ సూత్రం చెల్లదు. అమెరికా సైన్యం వాడిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌ను తీసుకోండి. 1873లో ఒకటి నుంచి మొదలైన ఆ వరుసలో, ట్రిగ్గర్ గార్డ్‌కు ముందు ఫ్రేమ్ అడుగున, గార్డ్ మీద, పిడి వెనుక పట్టీ అడుగున మూడు చోట్ల ఒకే సీరియల్ ఉంటుంది. తొలినాటి వాటిలో సిలిండర్, బారెల్ మీద కూడా ఉంటుంది. అశ్విక దళానికి ఏడున్నర అంగుళాల బారెల్‌తో ఇచ్చిన ఈ రివాల్వర్లను 1895 తర్వాత ప్రభుత్వం వెనక్కి తెప్పించి, పూర్తిగా విప్పి, బారెళ్ళను అయిదున్నర అంగుళాలకు కోయించి, బాగున్న భాగాలను ఏది చేతికొస్తే దానికి బిగించి మళ్ళీ సైన్యానికి పంపింది. సేకరణకారులు ఆర్టిలరీ మోడల్ అని పిలిచే వాటిలో నంబర్లు కలవకపోవడమే సహజం. తొలినాటి తనిఖీ అధికారి ఎయిన్స్‌వర్త్ ముద్ర ఉన్న ఫ్రేమ్‌కు, ఇరవై ఏళ్ళ తర్వాతి తనిఖీ అధికారి కార్ ముద్ర కూడా ఉంటే అది అతుకుల బొంత అని కాదు, రెండుసార్లు సర్కారీ తనిఖీ జరిగిందని. అలాంటి రివాల్వర్ పొట్టి బారెల్‌తో, అన్ని నంబర్లూ కలిసి నా ముందుకు వస్తే నాకు మొదట అనుమానమే పుడుతుంది.

రష్యా నగాంత్ రివాల్వర్లది దీనికి పూర్తిగా తలకిందుల కథ. సోవియట్ మరమ్మతు కేంద్రాలు భాగాలను కలగలిపాక, పాత అంకెలను గీతతో కొట్టేసి ఫ్రేమ్ నంబరును కొత్తగా చెక్కి జత కలిపాయి. అక్కడ నంబర్లు కలిశాయన్న మాటకు అర్థం మరమ్మతు జరిగిందని. కాబట్టి జాబితాకర్త గారు ‘సిలిండర్ సంఖ్య వేరు’ అని మాత్రం రాసి, తీర్పు చదివేవారికి వదిలేయడం మంచిది.

సిల్వర్_స్ప్రింగ్_సుబ్బారావు

కోల్ట్ విషయంలో మీతో వాదించను. అయినా కొనేవాడి జేబు వేరే భాష మాట్లాడుతుంది. మరొక సంగతి, అమెరికాలో ఉన్న మనవాళ్ళకు పనికొస్తుంది: 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైన తుపాకీ ఇక్కడి కేంద్ర చట్టం ప్రకారం పురాతన వస్తువు కిందికి వస్తుంది, అంటే డీలర్ రిజిస్టరు, నేపథ్య తనిఖీ అక్కర లేదు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చు. కోల్ట్ సింగిల్ యాక్షన్‌లో ఆ సరిహద్దు దాదాపు 1,82,000 నంబరు దగ్గర ఉంటుంది. ఆ అంకెకు అటూ ఇటూ వందల్లో ఉన్నవాటికి కంపెనీ ఉత్తరం లేకుండా డబ్బు పెట్టకండి.

బెజవాడ_శేషు

మా నాన్నగారి పేరిట లైసెన్సుతో ఉన్న .32 వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్‌ను ఆయన పోయాక ఆయుధాల డీలర్ దగ్గర డిపాజిట్ చేశాం. వారసుడిగా నా పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెడితే, లైసెన్సు పుస్తకంలోని నంబరుకూ ఫ్రేమ్ మీది నంబరుకూ ఒక అంకె తేడా ఉందని ఆపేశారు. పుస్తకంలో 3 ఉన్నచోట ఫ్రేమ్ మీద 8 ఉంది. పాత మరమ్మతుల మేస్త్రీ ఒకాయన ‘చిన్న పనే, సరిచేసి ఇస్తాను’ అంటున్నాడు.

వకీలు_నరసింహం

శేషు గారూ, ఆ మేస్త్రీ మాట వినకండి. 1959 నాటి ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం తుపాకీ మీది పేరును గానీ, నంబరును గానీ, మరే గుర్తింపు ముద్రను గానీ చెరపడం, తొలగించడం, మార్చడం, నకిలీది వేయడం నేరం. అంతటితో ఆగలేదు: అలా మార్చిన తుపాకీ ఎవరి దగ్గర ఉంటే ఆ పని వారే చేశారని చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసిన బాధ్యత వారిదే. ఒక గుమాస్తా చేతిరాత పొరపాటును సరిదిద్దించుకోబోయి మీరు ముద్దాయి కావలసిన పని లేదు.

మారవలసింది కాగితం, ఇనుము కాదు. లైసెన్సు ఇచ్చిన అధికారికి, అంటే కలెక్టరుకు గానీ, కమిషనరేట్ పరిధి అయితే పోలీసు కమిషనర్‌కు గానీ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. దానికి ఫ్రేమ్ నంబరు ఫోటో, డిపాజిట్ తీసుకున్నప్పుడు డీలర్ తన రిజిస్టరులో రాసుకున్న నంబరు నకలు, పాత రెన్యువల్ పేజీలు, దొరికితే మొదటి కొనుగోలు రశీదు జతచేయండి. పాత పుస్తకాల్లో మొదటి నమోదు సరిగా ఉండి, పుస్తకం నిండి కొత్తదానిలోకి ఎక్కించినప్పుడు అంకె మారిన సందర్భాలు నేను చాలా చూశాను. 3, 8 విషయంలో ఇది మరీ ఎక్కువ.

గోదావరి_గట్టు

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వాడకండి, అంకె మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. చీకటి గదిలో చిన్న టార్చిని దాదాపు ఫ్రేమ్‌కు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకుంటే అంకె గుంటలో నీడ నిలుస్తుంది. జిడ్డు పేరుకుని ఉంటే చుక్క తుపాకీ నూనె వేసి మెత్తటి పళ్ళ బ్రష్‌తో రుద్దితే చాలు. ఉక్కు బ్రష్, చింతపండు, యాసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. మీ దాంట్లో 8 ఎడమ పక్క గీతలు సగం అరిగి ఉంటాయని నా ఊహ, అందుకే గుమాస్తాకు 3 లాగా కనిపించి ఉంటుంది. ఆ ఫోటో డీలర్ షాపులో, డీలర్ ఎదుటే తీయించండి.

నంబరు రాసుకోవడం ఎంత ముఖ్యమో మన దేశ చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1914 ఆగస్టులో కలకత్తాలోని ఆయుధాల వ్యాపారి రోడా కంపెనీ సరుకు నుంచి విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు తరలించారు. ప్రతి పిస్తోలు నంబరూ రోడా వారి పుస్తకాల్లో ఉండడం వల్ల, ఆ తర్వాత బెంగాల్లో ఎక్కడ ఒక మౌజర్ పట్టుబడినా అది ఆ 50లోదో కాదో పోలీసులు పోల్చుకోగలిగారు. అవి రివాల్వర్లు కావు గానీ విషయం అదే.

బెజవాడ_శేషు

నరసింహం గారికీ, గోదావరి గట్టు గారికీ కృతజ్ఞతలు. టార్చి పక్కగా పెట్టి చూస్తే 8 స్పష్టంగానే ఉంది. నాన్నగారి మొదటి లైసెన్సు పుస్తకం ఇనప్పెట్టెలో దొరికింది, అందులోనూ 8 అనే ఉంది. రెండూ జతచేసి దరఖాస్తు ఇచ్చాను, అందినట్టు రశీదు తీసుకున్నాను.

డాలస్_రాఘవ

నా సంగతి కూడా చెబుతాను. పాతఇనుము గారు చెప్పిన చోట్లన్నీ చూశాను. సిలిండర్ వెనుక ముఖం మీద, బారెల్ అడుగున, నక్షత్రం బిళ్ళ వెనుక పిడి అడుగున ఉన్న సంఖ్యే ఉంది, సిలిండర్ మీద ‘వి’ కూడా ఉంది. కుడి చెక్క పిడి లోపల మాత్రం వేరే సంఖ్య ఉంది. డీలర్‌కు ఫోటోలు చూపిస్తే, రిజిస్టరులో పాత అంకెలను ఒక గీతతో కొట్టి, ‘వి’తో సహా సరైన నంబరు పక్కన రాసి సంతకం, తేదీ వేశాడు. సిలిండర్ గదులను మెకానిక్ కొలిచాడు, ఎవరూ తొలవలేదట.

పాతఇనుము

చెక్క పిడి మారడం గురించి బెంగ వద్దు. బ్రిటన్ ఆయుధాగారాల్లో వీటిని కుప్పగా శుభ్రం చేసినప్పుడు పిడులు తారుమారు కావడం సర్వసాధారణం. పక్కనున్న రివాల్వర్లలో దేని పిడి దేనికి పట్టినా బిగించేసేవారు. ఫౌండేషన్‌కు ఉత్తరం రాసేటప్పుడు పిడి లోపలి నంబరు ప్రస్తావించకండి, పిడి అడుగున ఉన్న నంబరు, బారెల్ పొడవు, తూటా కొలత, పైనున్న ముద్రల ఫోటోలు పంపండి. జవాబు వచ్చాక రవాణా తేదీ ఇదే చర్చలో పెడితే, ‘వి’ మూడు లక్షల ప్రాంతంలో రివాల్వర్లు ఉన్న మిగతా సభ్యులకు కూడా ఉపయోగపడుతుంది.